మిఖాయేలు, రిజ్వాన్, మెహర్, సువార్తమ్మ: హైదరాబాద్ ఇళ్లలో దేవదూతల పేర్లు

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర సభికుల ప్రశ్నల్లో కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వాన ముసురు పట్టినా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

పిల్లలకి పేర్లు పెట్టడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అది ఒక సాయంత్రంలో తేలే విషయం కాదు. అందుకని నేను ఒక్క పాయ పట్టుకున్నాను. ఇప్పుడు మన నగరంలో ఏ స్కూల్ అటెండెన్స్ చూసినా ఏంజెల్, ఏంజెలీనా, మైకేల్, గాబ్రియేల్, మలాయికా, రిజ్వాన్, మెహర్, మిహిర్ లాంటి పేర్లు వరసగా కనిపిస్తాయి. ఇవన్నీ ఏదో ఒక దారిన దేవదూతలతో ముడిపడినవే. ఇల్లు క్రైస్తవులది కావచ్చు, ముస్లింలది, పార్సీలది, హిందువులది కావచ్చు. పేరు మాత్రం ఒకే కుదుటి నుంచి వచ్చి ఉంటుంది.

నాకు తరచుగా ఫోన్లు వస్తుంటాయి. "సార్, యాప్‌లో చూశాం, ఈ పేరుకి అర్థం ఏంజెల్ అని ఉంది, పెట్టమంటారా?" అని. ఆ యాప్‌లతో నాకున్న బాధ ఇదే. ముప్పై, నలభై పేర్లు తెచ్చి అన్నింటికీ "ఏంజెల్" అని ఒకే అర్థం రాసేస్తారు. మిఖాయేలుకి ఆ అర్థం లేదు. రిజ్వాన్‌కీ లేదు. రఫాయేలుకీ లేదు. ఒక్కో పేరులో ఒక్కో పూర్తి వాక్యం ఉంది. ఆ వాక్యం చాలావరకు దూత గురించి చెప్పదు, ఆ దూతని పంపినవాడి గురించి చెబుతుంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు అసలు మాట సంగతి చూద్దాం. హీబ్రూలో దేవదూతని మలాఖ్ అంటారు. వార్త మోసుకెళ్లేవాడు అని దానర్థం. బైబిల్ పాత నిబంధనలో చివరి గ్రంథం మలాకీ ఉంది కదా, ఆ పేరుకి "నా దూత" అని అర్థం. అరబీలో మలక్, దానికి బహువచనం మలాయికా. గ్రీకులో ఆంగెలోస్, అంటే కబురు తెచ్చేవాడు. ఊరి నుంచి ఊరికి కబురు పట్టుకొచ్చిన మామూలు మనిషిని కూడా గ్రీకులు ఆ మాటతోనే పిలిచేవాళ్లు. ఇంగ్లీషు ఏంజెల్ అక్కడి నుంచే వచ్చింది. ఇక ఫారసీ ఫరిష్తా. దాని అసలు అర్థం "పంపబడినవాడు". మన సంస్కృతంలో ప్రేషించడం, ప్రేషితుడు అంటామే, ఆ ధాతువూ ఈ ధాతువూ ఒకటే. తెలుగులో బైబిల్ అనువదించినవాళ్లు దేవదూత అన్నారు. ఖుర్‌ఆన్ అనువదించినవాళ్లు దైవదూత అన్నారు. ఇన్ని భాషల్లోనూ ఆ మాట చేసే పనిని చెబుతోంది తప్ప రూపాన్ని చెప్పడం లేదు. రెక్కలూ తెల్లబట్టలూ మన ఊహలోకి బొమ్మల ద్వారా వచ్చాయి.

మన దక్కనులోనే దీనికో మంచి ఉదాహరణ ఉంది. బీజాపూర్ ఆస్థానంలో ఉండి చరిత్ర రాసిన ముహమ్మద్ ఖాసిం హిందూ షా పేరు వినే ఉంటారు. ఆయన కలం పేరు ఫిరిష్తా. హైదరాబాద్‌కి మొదట భాగ్‌నగర్ అనే పేరుండేదని, భాగమతి పేరు మీద అలా పెట్టారని రాసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. మన ఊరి పేరు గురించి తరాలుగా వాదించుకుంటున్నామే, ఆ కబురు మోసుకొచ్చినవాడి పేరే దూత.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. బైబిల్లోని పాత కథల్లో దూతలకి పేర్లు లేవు. పైగా పేరు అడిగితే చెప్పరు. ఆదికాండంలో యాకోబు యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా ఒకరితో పెనుగులాడతాడు. తెల్లారబోతుంటే "నీ పేరు చెప్పు" అని అడుగుతాడు. "నా పేరు ఎందుకు అడుగుతావు" అన్నదే జవాబు. తన పేరు చెప్పకపోగా యాకోబుకే ఇశ్రాయేలు అని కొత్త పేరు పెట్టి వెళ్లిపోతాడు. న్యాయాధిపతుల గ్రంథంలో సమ్సోను తండ్రి మానోహ కూడా అదే అడుగుతాడు. నీకు కొడుకు పుడతాడని చెప్పిన దూత పేరు తెలుసుకుంటే, ఆ మాట నిజమైన రోజున సన్మానం చేసుకోవచ్చని ఆయన ఆశ. అక్కడా దూత పేరు చెప్పడు, అది ఆశ్చర్యకరమైనది అని ఊరుకుంటాడు. నాకు ఈ రెండు ఘట్టాలంటే చాలా ఇష్టం. మానోహ పాపం మంచి ఉద్దేశంతోనే అడిగాడు. కానీ సన్మానం తనకి కాదని దూతకి తెలుసు. పంపినవాడికి బలి ఇమ్మని చెబుతాడు.

మరి పేర్లు ఎప్పుడు వచ్చాయి? యూదులే దీనికి జవాబు రాసిపెట్టుకున్నారు. దూతల పేర్లు తమతోపాటు బబులోను నుంచి వచ్చాయని యూదుల ధర్మశాస్త్ర వ్యాఖ్యానమైన యెరూషలేము తల్మూదులో ఉంది. దేశం పోయి, గుడి కూలి, చెరలో బతికిన కాలం అది. తర్వాత పారసీక రాజుల ఏలుబడి వచ్చింది. హీబ్రూ బైబిల్లో దూతకి పేరు పెట్టి చెప్పిన గ్రంథం దానియేలు ఒక్కటే. అందులో రెండే పేర్లు: గబ్రియేలు, మిఖాయేలు.

వీటి చివర ఉన్న "ఏలు" గమనించండి. హీబ్రూలో ఏల్ అంటే దేవుడు. దానియేలు అంటే దేవుడే నా న్యాయాధిపతి. ఇమ్మానుయేలు అంటే దేవుడు మనతో ఉన్నాడు. మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఈ పేర్లు ఎన్నో తరాలుగా ఉన్నాయి. దూతల పేర్లు కూడా ఇదే అచ్చులో పోసినవే.

మిఖాయేలు దగ్గర కాసేపు ఆగుతాను. ఈ పేరు ఒక ప్రశ్న. మీ అంటే ఎవరు, ఖా అంటే వంటివాడు, ఏల్ అంటే దేవుడు. "దేవునివంటివాడు ఎవడు?" అని. ఎవడూ లేడన్నది ఆ ప్రశ్నలోనే ఉన్న జవాబు. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో మిఖాయేలు ఘటసర్పంతో, అంటే సాతానుతో, యుద్ధం చేస్తాడు. అందుకే పాశ్చాత్య చిత్రాల్లో ఆయన డాలు మీద ఇదే ప్రశ్న లాటిన్‌లో రాసి ఉంటుంది. దేవుడితో సమానం కాబోయినవాడి ముందు నిలబడి వేసిన ప్రశ్న అన్నమాట. చాలామంది తల్లిదండ్రులు మైకేల్ అంటే "దేవునివంటివాడు" అని చెప్పుకుంటారు. అలా చెబితే అర్థం పూర్తిగా తిరగబడిపోతుంది. ఆ పేరు పెట్టుకున్న పిల్లవాడికి ఇది తప్పకుండా చెప్పండి. నీ పేరులో గొప్ప ఉంది, అది నీ గొప్ప అని కాదు అని.

ప్రశ్నే పేరు కావడం మనకేమీ కొత్త కాదు. ఋగ్వేదం పదో మండలం 121వ సూక్తంలో "కస్మై దేవాయ", ఏ దేవునికి హవిస్సు అర్పించాలి అని ఆఖరిది తప్ప ప్రతి రుక్కు చివరా అడుగుతారు. ఆ "క" అనే ప్రశ్నార్థకమే తర్వాత ప్రజాపతికి పేరైంది. ఎవరు అనే మాటే పేరుగా నిలిచింది. రెండు చోట్లా మనిషి ఆలోచన ఒకే మెట్టు మీద ఆగినట్టు అనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి. మిఖాయేలు మనుషుల పేరుగా కూడా చాలా పాతది. సంఖ్యాకాండంలో కనాను దేశాన్ని చూసి రమ్మని మోషే పన్నెండుమందిని పంపుతాడు. వాళ్లలో ఆషేరు గోత్రం నుంచి వెళ్లిన సెతూరు తండ్రి పేరు మిఖాయేలు. అంటే మనుషుల పేరుగా ఉన్నదే దూతకీ వచ్చింది. దూతల పేరు పిల్లలకి పెట్టవచ్చా అని టెన్షన్ పడేవాళ్లకి ఇది చెబుతుంటాను. ఖుర్‌ఆన్‌లో ఈయన మీకాల్, రెండో సూరా (అధ్యాయం) 98వ ఆయత్‌లో (వాక్యంలో) ఒకే ఒక్కసారి వస్తాడు. ఉర్దూలో మీకాయీల్ అంటారు. రష్యాలో మిఖాయిల్, స్పెయిన్‌లో మిగెల్, ఫ్రాన్స్‌లో మిషెల్. ఇటలీ శిల్పి మైకెలాంజిలో పేరులో అయితే మిఖాయేలూ ఉన్నాడు, ఏంజెలూ ఉన్నాడు.

గబ్రియేలు అంటే "దేవుని బలశాలి", లేదా "దేవుడే నా బలం". రెండు విధాలుగానూ చెబుతారు. దానియేలుకి దర్శనం అర్థం విడమరిచి చెప్పినవాడు, లూకా సువార్తలో జెకర్యాకీ మరియకీ కబురు తెచ్చినవాడు ఈయనే. ఇస్లాంలో జిబ్రయీల్, ప్రవక్తకి ఖుర్‌ఆన్ అందించిన దూత. 1951లో పోప్ పన్నెండో పయస్ గబ్రియేలుని టెలికమ్యూనికేషన్ రంగానికి పాలక పునీతుడిగా ప్రకటించారు. ఫోన్లు, సిగ్నళ్లు, కేబుళ్లతో పనిచేసేవాళ్లందరికీ ఆయన అన్నమాట. మన నగరంలో ఆ ఉద్యోగాల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

జిబ్రయీల్ అని నేరుగా పేరు పెట్టుకున్నవాళ్లు మన పాతబస్తీలో తక్కువే కనిపిస్తారు. కానీ ఆయన బిరుదు పెట్టుకున్నవాళ్లున్నారు. ఖుర్‌ఆన్ 26వ సూరాలో ఆయన్ని రూహుల్ అమీన్ అన్నారు, నమ్మకమైన ఆత్మ అని. రూహుల్ అమీన్ అనే పేరున్నవాళ్లు మీకు తెలిసే ఉంటారు. కబురు అందించేవాడికి బలం కన్నా, రూపం కన్నా ముందు కావాల్సింది నమ్మకం. ఇచ్చిన మాటని ఒక్క అక్షరం కలపకుండా, తగ్గించకుండా అందించడం. దూత అనే మాట బరువంతా నాకు ఈ బిరుదులో కనిపిస్తుంది.

ఇక రఫాయేలు. "దేవుడు స్వస్థపరిచాడు" అని అర్థం. మనలో ప్రొటెస్టెంట్ కుటుంబాలవాళ్లకి ఈ దూత కథ తెలియకపోవచ్చు. ఎందుకంటే అది తోబితు గ్రంథంలో ఉంది. ఆ గ్రంథం కతోలికుల బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టెంట్ల బైబిల్లో ఉండదు. కథ కొంచెం చెబుతాను, చాలా బాగుంటుంది. తోబితు అనే ముసలాయన నీనెవెలో చూపు పోగొట్టుకుంటాడు. మాదీయుల దేశంలో ఒకరి దగ్గర దాచుకున్న డబ్బు గుర్తొచ్చి కొడుకు తోబియాని పంపుతాడు. దారి తెలిసిన తోడు కావాలి. ఒక యువకుడు దొరుకుతాడు, పేరు అజర్యా అంటాడు, ఫలానా వారి అబ్బాయిని అని వంశం కూడా చెబుతాడు. ఇద్దరూ బయల్దేరతారు. ఇంట్లోని కుక్క కూడా వెనకే వెళుతుంది. టైగ్రిస్ ఒడ్డున కాళ్లు కడుక్కుంటుంటే పెద్ద చేప ఒకటి కుర్రవాడి మీదికి ఎగురుతుంది. భయపడకు, పట్టుకో అంటాడు తోడు వచ్చినవాడు. దాని గుండె, కాలేయం, పిత్తం తీసి దాచమంటాడు. గుండె, కాలేయం పొగవేస్తే దారిలో ఒక ఆడపిల్లని పట్టి పీడిస్తున్న భూతం పారిపోతుంది, ఆ పిల్లతోనే తోబియా పెళ్లి అవుతుంది. పిత్తం తండ్రి కళ్లకి రాస్తే పొరలు ఊడి చూపు వస్తుంది. అంతా అయ్యాక జీతం ఇవ్వబోతే అప్పుడు చెబుతాడు, నేను రఫాయేలుని అని. పని పూర్తయ్యే దాకా అసలు పేరు బయటపెట్టలేదు. పెట్టుకున్న మారుపేరు అజర్యాకి అర్థం "దేవుడు సహాయం చేశాడు". మారుపేరులో కూడా అబద్ధం లేదు చూడండి.

పేపర్లో రఫేల్ యుద్ధవిమానాల గురించి చదివి ఆ పేరు ఇదే అనుకుంటారు కొందరు. దానికీ దీనికీ సంబంధం లేదు. అది ఫ్రెంచి మాట, ఈదురుగాలి అని అర్థం.

నాలుగోవాడు ఊరియేలు, "దేవుడే నా వెలుగు". యూదులు పడుకోబోయే ముందు చదివే ప్రార్థనలో కుడివైపు మిఖాయేలు, ఎడమవైపు గబ్రియేలు, ముందు ఊరియేలు, వెనక రఫాయేలు, తలపైన దేవుని సన్నిధి ఉండాలని కోరుకుంటారు. కతోలిక సంఘం మాత్రం ఈ నాలుగో పేరుని ప్రార్థనల్లోకి రానివ్వలేదు. 745లో పోప్ జకారియా రోములో జరిపిన సభలో, ఆల్డెబర్ట్ అనే ప్రచారకుడు ఎక్కడెక్కడి దూతల పేర్లో కలిపి రాసుకున్న ప్రార్థన చర్చకు వచ్చింది. దాన్ని ఖండించి, పేరుతో కొలవదగినవాళ్లు ముగ్గురే అన్నారు. ఇప్పటికీ సెప్టెంబరు 29న కతోలికులు ఆ ముగ్గురి పండుగే చేస్తారు.

సెరాపులు, కెరూబులు అనేవి వ్యక్తుల పేర్లు కావు, తెగల పేర్లు. సెరాఫినా అనే అమ్మాయిల పేరు సెరాపుల నుంచి వచ్చింది, ఆ మాటకి మండేవాళ్లు అని అర్థం. కెరూబు అంటే ఇప్పుడు బుగ్గలున్న పసిపాప బొమ్మ గుర్తొస్తుంది. ఆదికాండంలో మాత్రం వాళ్లు ఏదెను తోట వాకిట్లో కావలి కాసేవాళ్లు, పక్కనే మండే కత్తి. పసిపాప రూపం యూరప్ చిత్రకారుల పుణ్యం.

మన ముస్లిం ఇళ్ల పేర్ల దగ్గరికి వస్తాను. హైదరాబాద్‌లో రిజ్వాన్ అనే పేరు వినని గల్లీ ఉండదు. అరబీలో రిద్‌వాన్, ఉర్దూ నోట రిజ్వాన్. అంటే తృప్తి, అల్లా ప్రసన్నత. స్వర్గం వాకిలి కాచే దూతకి ఆ పేరు సంప్రదాయంలో వచ్చింది. ఖుర్‌ఆన్‌లో ఆ మాట ఉంది కానీ, దూత పేరుగా కాదు, దైవప్రసన్నత అనే అర్థంలోనే ఉంది. నరకం కాచే దూత పేరు మాత్రం ఖుర్‌ఆన్ 43వ సూరాలో నేరుగా వస్తుంది, మాలిక్ అని. ప్రాణం తీసే దూతని ఖుర్‌ఆన్ మలకుల్ మౌత్, మృత్యుదూత అని మాత్రమే అంటుంది. ఇజ్రాయీల్ అనే పేరు తర్వాతి సంప్రదాయంలోది. ఆ పేరు పిల్లలకి పెట్టరు, కారణం చెప్పనక్కర్లేదు.

దూతల పేర్లు పెట్టవచ్చా అన్నదాని మీద ఇస్లామీ పండితుల్లో పూర్వమే చర్చ నడిచింది. ఇమామ్ మాలిక్ అనే ధర్మశాస్త్ర పండితుడు దాన్ని ఇష్టపడలేదని చెబుతారు. ఇమామ్ నవవీ మాత్రం తమ సంప్రదాయమూ, ఎక్కువమంది పండితుల మాటా అభ్యంతరం లేదనే అని రాశారు. ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇస్లాంకి ముందు అరబ్బులు దూతల్ని దేవుడి కూతుళ్లుగా భావించి ఆడ పేర్లు పెట్టడాన్ని ఖుర్‌ఆన్ తప్పుపట్టింది. అందుకే మలక్, మలాయికా అని అమ్మాయిలకి పెట్టడం కొందరు పెద్దలకి నచ్చదు. ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటే దాని వెనక ఈ కారణం ఉందని యువ దంపతులు తెలుసుకోవాలి, చాదస్తం అని కొట్టిపారేయకూడదు. ఇక్కడే ఇంకోటి చెప్పాలి. మనం ఏంజెల్ అంటే ఆడపిల్ల పేరే అనుకుంటాం. స్పెయిన్‌లో, మెక్సికోలో ఆంహెల్ మగపిల్లల పేరు.

ఇప్పటిదాకా చెప్పినవి బయటి నుంచి మనకి చేరిన పేర్లు. ఇప్పుడు చెప్పబోయేవి మన తాతల భూమి కాగితాల్లోనే ఉన్నాయి.

మీలో తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లుంటే, ఇంట్లో నిజాం కాలం నాటి సేత్వారో (భూమి సర్వే రికార్డు), కౌలు పత్రమో ఉంటే తీసి చూడండి. తేదీ ఫస్లీలో, అంటే అప్పటి రెవెన్యూ సంవత్సరం లెక్కలో, ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే సుమారుగా మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1350 ఫస్లీ అంటే 1940–41. నెలల పేర్లు చూడండి: ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. కచేరీలో పట్వారీలు, వకీళ్లు, గుమాస్తాలు రోజూ రాసిన పేర్లివి. ఇవి ఇరాన్ నెలలు. పార్సీల జొరాస్ట్రియన్ మతంలో దేవుడైన అహుర మజ్దా కింద పనిచేసే దివ్యశక్తుల పేర్లే ఈ నెలల్లో దాదాపు అన్నింటికీ పెట్టారు. పార్సీలు ఆ శక్తుల్ని ఇంగ్లీషులో ఏంజెల్స్ అనే అంటారు. అంటే హైదరాబాద్ సంస్థానంలో పన్ను కట్టిన రైతుల రసీదుల మీద దేవదూతల పేర్లున్నాయి.

ఒక్కో పేరూ విప్పితే సంస్కృతం కనిపిస్తుంది. ఆబాన్ అంటే నీళ్లు, మన ఆపః. అమర్దాద్ పార్సీల పవిత్ర గ్రంథమైన అవెస్తాలో అమెరెతాత్, మన అమృతత్వం. ఖుర్దాద్ హౌర్వతాత్, సర్వతాతి, అంటే సంపూర్ణత్వం. ఉర్దిబెహిష్త్ అంటే శ్రేష్ఠమైన ఋతం, అంటే సత్యం. ఉర్దూలో స్వర్గాన్ని బెహిష్త్ అంటాం, ఆ మాట ఇందులోదే. ఖుర్‌ఆన్‌లో వచ్చే హారూత్, మారూత్ అనే ఇద్దరు దూతల పేర్లకి మూలం ఈ ఖుర్దాద్, అమర్దాద్ జంటేనని చాలామంది భాషాశాస్త్రవేత్తలు అంటారు.

వీటిలో బహ్మన్ అనే పేరు నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. అవెస్తాలో వోహు మనహ్. వోహు అంటే మన వసు, మంచి. మనహ్ అంటే మనస్సు. మంచి మనస్సు అనే దివ్యశక్తి. ఆ పేరు ఇరాన్ పురాణ రాజుకి వచ్చింది. 1347లో దౌలతాబాద్‌లో గద్దెనెక్కి గుల్బర్గాని రాజధాని చేసుకున్న అలావుద్దీన్ హసన్ ఆ రాజు వంశం తనదని చెప్పుకుని బహ్మన్ షా అయ్యాడు. బహమనీ రాజ్యం అలా వచ్చింది. ఆ రాజ్యంలోంచి గోల్కొండ వచ్చింది, గోల్కొండ లోంచి 1591లో ఈ నగరం వచ్చింది. మన చరిత్ర పుస్తకాల్లో వందలసార్లు చదివిన "బహమనీ" అనే మాట లోపల మంచి మనస్సు అనే దేవదూత ఉన్నాడు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో మాట పెట్టి చూడండి. తెలుగు కతోలికుల పాత ప్రార్థనల్లో దేవదూతల్ని ఏమంటారు? సన్మనస్కులు. తమిళ కతోలికులు సమ్మనసు అంటారు. సత్ మనస్సు, మంచి మనస్సు. ఇరాన్‌లో ఎన్నో శతాబ్దాల ముందు పుట్టిన పేరుకీ, దక్షిణాదిలో ఎవరో విశ్వాసులు కట్టుకున్న ఈ మాటకీ ఏ లంకే లేదు. ఒకరిని చూసి ఇంకొకరు పెట్టుకోలేదు. అయినా అర్థం ఒక్కటే అయింది. ఇది మొదట గమనించిన రోజు నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

మెహర్ సంగతి. అవెస్తాలో మిథ్ర, ఒప్పందానికి అధిదేవత, మన వేదంలోని మిత్రుడికి తోబుట్టువు. ఫారసీలో మిహ్ర్, మెహ్ర్ అయి సూర్యుడు, ప్రేమ అనే అర్థాలు తెచ్చుకుంది. ఆ మిహ్ర్ తిరిగి సంస్కృతంలోకి వచ్చి మిహిరుడైంది, సూర్యుడు అని. ఆరో శతాబ్దపు జ్యోతిష శాస్త్రవేత్త వరాహమిహిరుడి పేరులో ఉన్నది ఇదే. కాబట్టి ఒకే అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తులో మెహరున్నిసా, రెండో అంతస్తులో మిహిర్, పైన మిత్ర అనే అమ్మాయి ఉంటే ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు లాంటిది. మెహెర్ బాబా భక్తులైన తెలుగు కుటుంబాల్లోనూ ఈ పేరు ఉంది. అలాగే సరోష్. అవెస్తాలో స్రఓష, వినడం, మాట వినడం. మన శ్రవణం, శుశ్రూష అదే ధాతువు. ఉర్దూ కవిత్వంలో సరోష్ అంటే అదృశ్యలోకం నుంచి కబురు తెచ్చే దూత. బెహ్రామ్ అంటే అవెస్తాలోని వెరెత్రఘ్న, మన వృత్రఘ్నుడు, వృత్రుణ్ణి చంపిన ఇంద్రుడి పేరు. పార్సీగుట్ట దాటి వెళ్లేటప్పుడు, ఆబిడ్స్‌లో అగ్యారీ (పార్సీల అగ్ని ఆలయం) ముందు నుంచి నడిచేటప్పుడు ఈ పేర్లు ఎంత దగ్గరవో ఒక్కసారి తలుచుకోండి.

ఇక చివరి పేరు. దీనికోసమే ఇంత దూరం వచ్చాను. సువార్తమ్మ.

తెలుగు క్రైస్తవుల ఇళ్లల్లో, ముఖ్యంగా ముందు తరంలో, ఇంతకన్నా తెలుగుదనమున్న పేరు లేదు. పొలం పనులకి వెళ్లిన సువార్తమ్మలు, బైబిలు స్త్రీలుగా ఊరూరూ తిరిగిన సువార్తమ్మలు, ఆసుపత్రుల్లో నర్సులుగా చేసిన సువార్తమ్మలు. ఇప్పుడు వాళ్ల మనవరాళ్లకి ఇవాంజెలిన్ అని పెడుతున్నారు. స్టైల్‌గా ఉందని. ఇవాంజెలిన్ ఎక్కడిది? గ్రీకులో ఎవాంగెలియోన్. ఎవ్ అంటే మంచి, ఆంగెలియా అంటే కబురు. ఆంగెలోస్ తెచ్చేది ఆంగెలియా. తెలుగులో సు, వార్త. సువార్త. ఇవాంజెలిన్, సువార్తమ్మ ఒక్కటే పేరు. బయటికి ఏంజెల్ అనే మాట వినపడకపోయినా, గ్రీకు ఏంజెల్‌ని లోపల దాచుకున్న అసలైన తెలుగు పేరు ఇదే.

కొన్ని ఇళ్లల్లో మనవరాలి ఫంక్షన్‌కి ఇవాంజెలిన్ అని పెద్ద ఫ్లెక్సీ కట్టించి, నాయనమ్మ పేరు పాత పేరు అని పక్కన పెడుతున్నారు. నాకు అది బాధ కలిగిస్తుంది. పాపకి నాయనమ్మ పేరే పెట్టామని ఆ ముసలామెకి చెప్పేవాళ్లుండరు. చెబితే ఆమె ఎంత సంబరపడుతుందో! మీ ఇంట్లో అలాంటి జంట ఉంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక సభికుడు: లూసిఫర్ కూడా దూత పేరే కదా, అర్థం కూడా మంచిదే అంటారు?)

అర్థం మంచిదే. లాటిన్‌లో వెలుగు తెచ్చేవాడు, వేకువచుక్క. యెషయా 14వ అధ్యాయంలో బబులోను రాజుని ఎద్దేవా చేస్తూ అన్న మాట అది. తెలుగు బైబిల్లో "తేజోనక్షత్రమా, వేకువచుక్కా" అని ఉంది. నాలుగో శతాబ్దంలో సార్డీనియాలోని కాల్యారికి లూసిఫర్ అనే బిషప్పే ఉన్నాడు. తర్వాత ఆ పేరు సాతానుకి అంటుకుపోయింది. నిఘంటువులో అర్థం ఎంత మంచిదైనా, వినేవాళ్ల మనసులో ఏముందో కూడా చూడాలి. పిల్లవాడు బతకాల్సింది వాళ్ల మధ్యే.

(ఒక పెద్దావిడ: మాది హిందూ కుటుంబం. మా కోడలు పాపకి ఏంజెల్ అని పెడతానంటోంది. బంధువులు ఏదో ఒకటి అంటున్నారు.)

అమ్మా, ఆ మాటకి దూత అనే కదా అర్థం. హనుమంతుడు సీతమ్మ ముందు నిలబడి తాను రామదూతనని చెప్పుకున్నాడు, అంతకన్నా గొప్ప పరిచయం కోరుకోలేదు. దూత అనిపించుకోవడం మన ఇళ్లల్లో ఎప్పుడూ చిన్నతనం కాలేదు. మీ కోడలికి ఇష్టమైతే పెట్టనివ్వండి. పాప పెద్దయ్యాక అర్థం మీరే చెప్పండి.

(ఒక యువకుడు: మైకేల్ అని రాయించాలా, మిఖాయేల్ అనా? ఇంట్లో ఇంకా తేలలేదు, బర్త్ సర్టిఫికెట్‌కి టైమ్ అయిపోతోంది.)

తొందరపడకండి. పేరు లేకుండానే జననం నమోదు చేయించుకోవచ్చు. నమోదైన రోజు నుంచి 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి చేర్పించే వీలుంది. కానీ ఒకసారి రాయించాక స్పెల్లింగ్ మార్చడం కష్టం. ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే పిల్లవాడు జీవితాంతం అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. రెండు పేర్లూ అవే, అర్థమూ అదే, కాబట్టి ఇంట్లో నోరు తిరిగేది ఎంచుకోండి. మీ అమ్మగారూ నాన్నగారూ నాలుగు రోజులు పిలిచి చూస్తే ఏది నిలుస్తుందో తెలిసిపోతుంది. అప్పుడు ఫారం నింపండి.